గీటు పెట్టిన చెయ్యి

అమెరికాలో పుట్టిన మన పిల్లలకు తాతల పేర్లతో పని లేదు, ఊళ్ళ పేర్లు చాలు. చాండ్లర్‌లో మా అమ్మాయి వాళ్ళ పక్కింట్లో ఆ చలికాలం ఇద్దరు తాతలుండేవారు. నాన్న వైపాయన ప్రొద్దుటూరు తాత, అమ్మ వైపాయన నంద్యాల తాత. మామూలుగా వియ్యంకులు వంతులు వేసుకుని వస్తారు. ఒకరి ఆర్నెల్ల గడువు ముగిసి విమానమెక్కాక గానీ రెండోవారు దిగరు. ఈ ఏర్పాటు పిల్లల కాపురాలకు చేసే మేలు ఎవరూ బయటికి చెప్పరు. ఆ ఏడు మాత్రం చవక టికెట్లు ఏవో దొరికి రెండు జంటలూ ఒకే కప్పు కింద చేరాయి. మనవరాలికి తొమ్మిదేళ్ళు. అది ఎలా పిలిస్తే ఆ వీధిలోని తెలుగువాళ్ళమంతా అలాగే పిలిచేవాళ్ళం. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి గనక ఇద్దరికీ ‘సార్’నయ్యాను.

ప్రొద్దుటూరంటే రాయలసీమలో బంగారం అంగళ్ళకు పేరుమోసిన ఊరు. ఆ తాత అంగడి పెట్టలేదు, బ్యాంకులో అప్రైజర్‌గా ఉండేవాడు. నగలు కుదువ పెట్టి అప్పు తీసుకోవడానికి వచ్చే రైతుల సొమ్ము చూసి, ఇది ఇన్ని కేరట్లు, ఇంత బరువు, రాళ్ళకూ లక్కకూ ఇంత తీసెయ్యాలి అని రాసి సంతకం పెట్టే పని. జీతం లేదు, అప్పుకింత అని కమిషన్. చూసింది తప్పని తర్వాత తేలితే సొంత జేబులోంచి కట్టుకోవాలి. ముందు నగను అరచేతిలో పెట్టుకుని బరువు ఊహించేవాడట. తర్వాత గీటురాయి మీద గీత. ఆ తర్వాత గీత మీద ఆసిడ్ చుక్క. ఈ మూడూ కాకుండా ఆయన కలం మూత తీసేవాడు కాదని వాళ్ళావిడ గర్వంగా చెప్పేది. ముప్పై ఏళ్ళలో ఒక్క దొంగ నగ కూడా ఆయన చెయ్యి దాటి లోపలికి పోలేదు.

నంద్యాల తాతది ఎరువుల అంగడి. మనిషి మంచివాడు, మాట పెద్దది. వచ్చిన మర్నాడే పొద్దుటి నడకలో నన్ను పట్టుకున్నాడు.

“నిశ్చితార్థం సార్. మా ఇంట్లోనే. నలుగురూ కూచోనుండారు. మా ఆడమనిషి పళ్ళెంలో నగలు పెట్టుకోనొచ్చింది. ఈ పెద్దమనిషి జేబులోంచి నల్లరాయి తీసి, నేను నా బిడ్డకు చేయించిన పది తులాల హారాన్ని దానికేసి గీసినాడు! పోనీ ఆసిడ్డన్నా ఏసినాడా? అదీ లేదు. ఉత్త గీటు పెట్టి, కిటికీ కాడికి పోయి చూసి, ‘మేలిమి, ఇరవై రెండుకు తక్కువ లేదు’ అన్యాడు. నాకు తెలీదా అది మేలిమని? మూడు తరాలుగా మా ఇంటికి చేస్తా ఉండే ఆచారి చేసినాడు. నలుగురిలో నన్ను తక్కువ చెయ్యడానికి కాకపోతే ఎందుకు సార్ ఆ గీటు?”

ఇది జరిగి పన్నెండేళ్ళు. ఆ గీత ఆయన మనసు మీద మాత్రం నిన్న గీసినట్టే ఉంది. ఇదే సంగతి నేను ఆ తర్వాత మా అల్లుడి పుట్టినరోజు విందులో విన్నాను, కాస్ట్‌కో బయట బెంచీ మీద విన్నాను, సత్యనారాయణ వ్రతంలో కథకూ హారతికీ మధ్య కూడా విన్నాను.

ప్రొద్దుటూరు అవ్వ ఒకసారి వంటింటి గుమ్మంలోంచి జవాబు చెప్పింది. “ఆ చిచ్చు మా తమ్ముడు పెట్టింది అన్నా. ‘మా బావ ఉండాడు గదా, ఒక మాటు చూపియ్యండి’ అని నలుగురికీ ఇనపడేట్టు అన్యాడు. ఈయన చూసి మేలిమి అనేసరికి అందరి నోళ్ళూ మూతపడినాయి.” నంద్యాల తాత చెప్పే కథలో ఈ తమ్ముడు ఎప్పుడూ కనపడడు. ప్రొద్దుటూరు తాత మాత్రం తన వైపు నుంచి ఒక్క మాట కూడా చెప్పుకోలేదు. వియ్యంకుడు ఎత్తుకోగానే గ్యారేజీలోకి లేచిపోయేవాడు. గ్యారేజీలో ఆయనకు పైరైట్ ఉంది.

ఆ పిచ్చి టూసాన్‌లో పట్టుకుంది. చాండ్లర్ నుంచి దక్షిణంగా కారులో గంటన్నర దూరం. ఏటా జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ రాళ్ళ సంత జరుగుతుంది. సంత అంటే ఒక మైదానం కాదు, ఊరంతా సంతే. మోటెల్ గదుల్లో మంచాలు తీసేసి, బల్లలు వేసి రాళ్ళు పరుస్తారు. ఒక గదిలో బ్రెజిల్ అమెథిస్ట్ గుహలు, పక్క గదిలో మొరాకో శిలాజాలు. కొడుకు కాలక్షేపానికి తీసుకెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. ప్రొద్దుటూరు తాత అన్ని గదులూ దాటేసి ఒక బల్ల దగ్గర ఆగిపోయాడు. స్పెయిన్‌లో నవహూన్ అనే పల్లె దగ్గర తవ్వి తీసిన పైరైట్ ఘనాలు. బూడిదరంగు సున్నపు మట్టిరాయిలో దిగబడి, అంచులు కత్తిరించినట్టు, ముఖాలు అద్దాల్లా ఉన్నాయి. ఎవరు కోశారని అడిగాడు. ఎవరూ కొయ్యలేదు, భూమిలోంచి అలాగే వస్తాయని అమ్మేవాడు చెప్పాడు. తాత నమ్మలేదు. నన్ను అడిగాడు. ఇనుము, గంధకం అణువులు పేర్చుకునే తీరే అంత అని చెప్పాక అరచేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

“నీటికి అయిదింతలు ఉంటుందా?”

“సరిగ్గా అయిదు” అన్నాను. బంగారం పందొమ్మిది పైచిలుకు. ఆ చేతిని చూసి నాకు కొంచెం భయం వేసిన మాట నిజం.

ఘనాల ధర విని వెనక్కి పెట్టేసి, పెరూ దేశపు పైరైట్ ముక్కలు, ఆకారం సరిగా లేనివి, ఒక సంచీడు కొన్నాడు. “బంగారానికే మెరుగు పెట్టినోణ్ణి, దీనికి పెట్టలేనా” అన్నాడు కారులో. మెరుగు పెట్టడం అప్రైజర్ పని కాదు, కానీ ప్రొద్దుటూరులో పుట్టినవాడికి ఆ తేడా చెప్పడం కష్టం.

రాళ్ళు దొర్లించే మిషన్ అమెరికాలో పిల్లల బొమ్మల దగ్గర్నుంచి పెద్దల పిచ్చి దాకా అన్ని సైజుల్లో దొరుకుతుంది. రబ్బరు డబ్బా, దాన్ని రెండు కడ్డీల మీద తిప్పే చిన్న మోటారు, అంతే. డబ్బాలో మూడింట రెండొంతులు రాళ్ళు నింపి, గరుకు పొడి వేసి, రాళ్ళు మునిగీ మునగనట్టు నీళ్ళు పోసి మూత బిగిస్తారు. మొదటి మెట్టుకు 60-90 నంబరు సిలికాన్ కార్బైడ్ పొడి, రెండోదానికి 120-220, మూడోదానికి 500, చివర మెరుగుకు అల్యూమినియం ఆక్సైడ్. ఒక్కో మెట్టుకు సుమారు వారం, రాత్రీ పగలూ ఆపకుండా. నదిలో వేల ఏళ్ళు పట్టే పని గ్యారేజీలో నెలలో అవుతుంది. చప్పుడు మాత్రం పక్కింట్లో ఎవరో తెల్లవార్లూ గారెల పిండి రుబ్బుతున్నట్టుంటుంది. కోడలు రెండు రాత్రులు ఓర్చుకుని మూడో రాత్రి మిషన్ మీద పాత రగ్గు కప్పింది. మోటారు వేడెక్కుతుందని మామగారు రగ్గు తీసేశారు. చివరికి అట్టపెట్టెకు చిల్లులు పొడిచి బోర్లించడంతో సంధి కుదిరింది.

మెట్టుకూ మెట్టుకూ మధ్య కడగడమే ఈ పనిలో ప్రాణం. ముందు మెట్టు పొడి రవ్వ ఒక్కటి డబ్బా మూలలో మిగిలినా, తర్వాతి వారమంతా అది రాళ్ళను గీకుతూనే ఉంటుంది. ప్రొద్దుటూరు తాతకు కడగడంలో ఉన్నంత చాదస్తం నేనెక్కడా చూడలేదు. రాళ్ళను మూడు బకెట్ల నీళ్ళలో, డబ్బాను పళ్ళ బ్రష్షుతో, మూతను విడిగా కడిగేవాడు. ఆఖరికి కడిగిన బ్రష్షును కూడా కడిగేవాడు. ఆ బురద నీళ్ళను సింకులో మాత్రం పొయ్యనిచ్చేవాడు కాదు. అది గొట్టంలో పేరుకుని సిమెంటులా గట్టిపడుతుంది, అమెరికాలో ప్లంబర్ ఒక గంటకు పుచ్చుకునేది తెలిసినవాడెవడూ ఆ సాహసం చెయ్యడు. బకెట్‌లో పేరుకోనిచ్చి, మడ్డిని కవర్లో కట్టి చెత్తలో వేసేవాడు.

ఇంతా చేసి పైరైట్ మాట వినలేదు. అకీకు రాళ్ళతో కలిపి మొదట దొర్లించాడు. అకీకు కాఠిన్యం ఏడు, పైరైట్‌ది ఆరు, ఆరున్నర. చూడ్డానికి పెద్ద తేడా కాదు. కానీ పైరైట్ పెళుసు, పైగా బరువు. డబ్బాలో ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడల్లా అంచులు రాలిపోయాయి. వారం తర్వాత మూత తీస్తే చిక్కటి నల్ల నీళ్ళు, గంధకం వాసన. అకీకులు నునుపుదేలి బయటికొచ్చాయి. పైరైట్ ముక్కలు సగమై, మసిబారి, ఆరేలోపే అక్కడక్కడా తుప్పు రంగుకు తిరిగాయి. నంద్యాల తాత గ్యారేజీ తలుపు దగ్గర నిలబడి చూసి, “బంగారం లాంటి వస్తువును ఎట్ల జేసినారు బావగారూ” అని పరామర్శించి వెళ్ళాడు.

తుప్పు సంగతి నా పాఠం. పైరైట్‌కు గాలీ తేమా కలిసి తగిలితే ఇనుము తుప్పవుతుంది, గంధకం సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం మిగిలిన రాయిని తింటుంది. మ్యూజియాల్లో పైరైట్ పట్టిన శిలాజాలు బీరువాలోనే పొడి అయిపోవడం, కింద పెట్టిన చీటీ అట్టను కూడా ఆ ఆమ్లం కాల్చెయ్యడం క్యూరేటర్లందరికీ తెలిసిన బాధ. గాలిలో తేమ అరవై శాతం దాటితే ఈ జబ్బు జోరందుకుంటుంది. ఆరిజోనా ఎడారి గాలి కాబట్టి సరిపోయింది గానీ, మన కోస్తా ఊళ్ళలో అయితే ఈ సరదా ఇంకా కష్టం. నీళ్ళలో చెంచాడు వంటసోడా వెయ్యమన్నాను, ఆమ్లం పుట్టింది పుట్టినట్టు విరిగిపోతుందని. గ్యాసు పట్టకుండా రోజూ ఒకసారి మూత వదులు చెయ్యమన్నాను. మిగతాదంతా ఆయన చేతి తెలివే. గరుకు మెట్టు ఎత్తేశాడు. పైరైట్‌ను విడిగా పెట్టి, రాళ్ళు ఒకదానికొకటి తగలకుండా పింగాణీ గుళికలు నిండా పోశాడు. వారాల లెక్క మానేసి రోజూ తీసి చూశాడు. చివరి మెరుగు అసలు మిషన్‌లో పెట్టనే లేదు. తోలుముక్క మీద అల్యూమినియం ఆక్సైడ్ రాసి, ఒక్కో ముక్కనూ చేత్తో రుద్దాడు. కడిగిన వెంటనే కోడలి హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, పలచగా నూనె పూశాడు. మార్చి మొదట్లో కిటికీ గట్టు మీద వరసగా పెట్టిన ముక్కలు చూసి, పోస్టు తెచ్చిన అమ్మాయి నిజంగానే బంగారమా అని అడిగింది.

“కాదు. అయినా ఇది ఎప్పుడన్నా బంగారమని చెప్పిందా?” అన్నాడాయన తెలుగులోనే. మనవరాలు అనువాదం చేసింది.

ఆ మధ్యాహ్నాలు నాకు బాగుండేవి. ఆయన రుద్దుతుంటే నేను కథలు చెప్పేవాణ్ణి. పశ్చిమ ఆస్ట్రేలియాలో కాల్‌గూర్లీ కథ ఆయనకు ఎంత నచ్చిందంటే రెండుసార్లు చెప్పించుకున్నాడు. 1893లో బంగారం దొరికి పుట్టిన ఊరది. తవ్వకాల్లో వచ్చిన ఇత్తడి రంగు రాయిని పైరైటేలెమ్మని పారబోశారు. దాంతో బాటల గుంతలు పూడ్చారు, గోడలు కట్టుకున్నారు. 1896లో తేలింది, అది టెల్లూరియంతో కలిసిన బంగారమని, నూటికి నలభై పాళ్ళు బంగారమేనని. జనం గునపాలు తెచ్చి తమ వీధులు తామే తవ్వుకున్నారు. పక్క రాష్ట్రం నెవాడాలో కార్లిన్ గనుల సంగతి చెప్పినా నమ్మలేదు. అక్కడ బంగారం కంటికి కనపడదు, పైరైట్ లోపల సూక్ష్మంగా దాక్కుని ఉంటుంది, 1960లలో గానీ ఆ గనులు మొదలు కాలేదు. “అయితే ఇన్నాళ్ళూ పైరైట్‌ను చూసి నవ్వినోళ్ళు…” అని ఆగి, తోలుముక్క తిరగేసుకున్నాడు.

మార్టిన్ ఫ్రోబిషర్ కథ మాత్రం ఆయన్ని నవ్వించలేదు. ఆ ఇంగ్లిష్ నావికుడు 1576 నుంచి 1578 దాకా మూడుసార్లు కెనడా ఉత్తరాన బాఫిన్ దీవికి వెళ్ళి, వెయ్యి టన్నులకు పైగా రాయి ఓడల్లో మోసుకొచ్చాడు. కరిగిస్తే పైసా రాలేదు. అసలు మొదటి ముక్క తెచ్చినప్పుడే లండన్‌లో పరీక్షించినవాళ్ళు ఇందులో ఏమీ లేదన్నారు. వెనిస్ నుంచి వచ్చి స్థిరపడ్డ పరీక్షకుడు ఒక్కడు బంగారం ఉందన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని రాణితో సహా అందరూ డబ్బు పెట్టారు.

“ఆ ఒక్కడు లేనిదాన్ని ఉందని ఎందుకు చెప్పినాడో రాసినారా సార్?”

“మెప్పు కోసమో, డబ్బు కోసమో అయి ఉంటుందంటారు.”

“ఆ రెండేనా?” అని మళ్ళీ రుద్దుకోవడంలో పడ్డాడు.

కొడుకు తండ్రి సరదా చూసి బంగారం పరీక్ష కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాడు. చిన్న నల్లరాయి, చిన్న చిన్న ఆసిడ్ సీసాలు, మూతల మీద 10, 14, 18, 22 అని అంకెలు. ఏ అంకె సీసాలోంచి చుక్క వేస్తే, అంతకన్న తక్కువ కేరట్ల గీత చెరిగిపోతుంది, ఆ పైది నిలుస్తుంది. పాత పనిముట్లు చూసి నాన్న మురిసిపోతాడనుకున్నాడు పాపం. ఆయన పెట్టె విప్పకుండానే గ్యారేజీ అటక మీద పెట్టేశాడు. ఇంట్లో పిల్లలున్నారు, ఆసిడ్ ఎందుకన్నాడు.

ఆ అటక కిందే నిలబడి నంద్యాల తాత ఇంకో సంగతి చెప్పాడు, గొంతు తగ్గించకుండానే. “ఈ ఇల్లు కొనేటప్పుడు డౌన్ పేమెంటుకు తక్కువ పడినాయి సార్. హారం అమ్మేద్దామని పిల్లోళ్ళు అనుకున్యారు. ఈయనే అడ్డం పడినాడు. పుట్టింటి సొమ్ము అమ్మగూడదని, తన మూడెకరాలు అమ్మి పంపినాడు. ఇన్నేండ్లకు తెలిసొచ్చింది మేం పెట్టిన సొమ్ము విలువ!” పొలం అమ్మిన మనిషి వినపడనట్టు మూత బిగించుకుంటున్నాడు.

ఉగాది ఆదివారం పడలేదు గానీ, అమెరికాలో పండగలన్నీ ఆదివారమే కాబట్టి ఆ వారాంతం చేసుకున్నాం. వీధిలో తెలుగు కుటుంబాలన్నీ వాళ్ళింట్లోనే. వేపపువ్వు ఎవరి పెరట్లోనో దొరికింది, మామిడికాయ మెక్సికోది. కోడలు పట్టుచీర కట్టుకుని హారం వేసుకుంది. భోజనాలయ్యాక మనవరాలు అటక మీది పెట్టెతో ప్రత్యక్షమైంది. స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కు దానిది ‘ఫూల్స్ గోల్డ్’ ప్రాజెక్టట. తాత అందరి ముందూ చేసి చూపించాలి, నాన్న వీడియో తియ్యాలి. పొద్దున్నే ఈ సంగతి చెప్పి తాత చేత కిట్‌లోని నల్లరాయి కడిగించింది కూడా. ఆయన దాన్ని అలవాటు ప్రకారం మూడు నీళ్ళలో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి ఎండలో పెట్టడం నేను చూశాను.

పిల్లలు చుట్టూ మూగారు. తాత తన మెరుగు ముక్కల్లోంచి ఒకటి తీశాడు. “సూది తీసుకోండి. బంగారమైతే గీత పడతాది. ఇది పడదు, ఇదే గాజును గీకుతాది. సుత్తితో కొడితే బంగారం సాగుతాది, ఇది పగులుతాది” అని చెబుతుంటే ముప్పై ఏళ్ళు ఆ మనిషి కూర్చున్న కుర్చీ నాకు కనపడింది. రాయి పై అంచున పైరైట్‌తో గీశాడు. బంగారు రంగు రాయి, గీత మాత్రం ఆకుపచ్చ కలిసిన నలుపు. పిల్లలు ‘ఓ’ అన్నారు. మధ్యలో అవ్వ గాజుతో గీశాడు. పసుపు గీత. కళ్ళద్దాలు పెట్టుకుని, చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, 18 నంబరు సీసా మూత తీసి ఒక్కోదాని మీద ఒక్కో చుక్క వేశాడు. నల్ల గీత పొంగి చెదిరిపోయింది. గాజు గీత కదల్లేదు. అందరం చప్పట్లు కొట్టాం. తొడుగు తీసేశాడు.

“ఇప్పుడు అమ్మది!” అంది మనవరాలు.

“చాలు తల్లీ. అవ్వది చూసినావు గదా. బంగారమంతా ఒకటే.”

“ఒకటెట్లయితాది బావగారూ?” నంద్యాల తాత సోఫాలోంచి లేచాడు. ఆయన పన్నెండేళ్ళుగా ఎదురుచూస్తున్న సభ అది. “ఆ పొద్దు నా ఇంట్లో ఎవరూ అడక్కుండానే పెడితిరి గదా గీటు. ఈ పొద్దు బిడ్డ నోరు తెరిచి అడుగుతుంటే వద్దంటే ఎట్లా? అప్పుడు ఆసిడ్ ఎయ్యకుండా వదిలేస్తిరి, ఇప్పుడు ఎయ్యండి. నలుగురూ ఉండారు, చూడనీ.”

“ఎందుకులే బావగారూ, అరుగుతాది.”

“అరగనీలే సామీ! పది తులాల సొమ్ము, ఒక గీతకు తరిగిపోదు. అమ్మా, తియ్యి హారం.”

కోడలు తండ్రి వైపు చూసింది, మామగారి వైపు చూసింది, మెడలోంచి తీసి ఇచ్చింది. ప్రొద్దుటూరు తాత దాన్ని అరచేతిలో పెట్టుకోలేదు, రెండు వేళ్ళతో కొస పట్టుకున్నాడు. రాయి కింది అంచున, మిగతా గీతలకు దూరంగా, మెల్లిగా గీశాడు. పసుపు గీతే, కొంచెం ఎరుపు తిరిగినట్టుంది. సీసా మూత తియ్యడానికి ఆయనకు ఈసారి సమయం పట్టింది.

చుక్క పడింది. గీత అంచుల నుంచి పలచబడి, అందరం చూస్తుండగానే పోయింది.

“తాతా, పోయింది!” అంది పిల్ల. “అంటే అమ్మది ఫూల్స్ గోల్డా?”

గదిలో ఎవరూ మాట్లాడలేదు. కొడుకు ఫోను దించేశాడు. ప్రొద్దుటూరు తాత వట్టి బొటనవేలితో, ఆసిడ్ ఆరకముందే, రాయిని అడ్డంగా తుడిచేశాడు. ఆ వేలు పచ్చబడడం నాకు తెలుస్తూనే ఉంది. నైట్రిక్ ఆసిడ్ తగిలిన చర్మం అలాగే అవుతుంది. ఆయన నవ్వుతున్నాడు.

“కాదమ్మా, కాదు. తప్పు తాతది. రాయి సరిగ్గా కడగలేదు. అడుగున పైరైట్ పొడి మిగిలిపోయింది, ఆసిడ్ దాన్ని తింటూ పై గీతను గూడా లాక్కపోయింది. నగకేం? మేలిమి. ఆ పొద్దే చూసినాను గదా, ఇరవై రెండుకు తక్కువ లేదు.”

కోడలు హారం అందుకుని మెడలో వేసుకుంది. “పిల్లలున్న ఇల్లు మామయ్యా, వీటిని నేను పారేస్తాను” అంటూ సీసాలన్నీ పెట్టెలో సర్ది, రాయిని కూడా అందులోనే వేసి తీసుకెళ్ళిపోయింది.

నంద్యాల తాత నా పక్కన కూలబడి, పన్నెండేళ్ళ బాకీ వసూలైన మొహంతో, గదంతా వినపడేలా అన్నాడు.

“ముప్పై ఏండ్లు అప్రైజర్ పని చేసినాడంట సార్. రాయి కడుక్కోవడం గూడా రాదు!”